బీజీఎంఐ ఆడటమా, హైదరాబాద్ ఎఫ్‌సీని ఫాలో అవడమా?

బీజీఎంఐ అనే మొబైల్ షూటింగ్ గేమ్‌లో వంద మంది దిగుతారు, అరగంటలో తేలిపోతుంది. ఓడితే వెంటనే ఇంకో మ్యాచ్. ఆట చివర్లో మిగిలే చిన్న జోన్‌లో, గడ్డిలో బోర్లా పడుకుని, అడుగుల చప్పుడు ఎడమ నుంచా కుడి నుంచా అని చెవులు రిక్కించి వినే ఆ టెన్షన్ భలే ఉంటుంది. గెలుపోటములు మన వేళ్ల మీదే.

ఫుట్‌బాల్‌లో మన చేతిలో ఏమీ ఉండదు, అందుకే గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. 2022 మార్చి 20న ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్లో మన హైదరాబాద్ ఎఫ్‌సీపై కేరళ బ్లాస్టర్స్ ముందు గోల్ కొట్టింది. ఇక అయిపోయిందనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఏకంగా మూడు షాట్లు ఆపేశాడు. 3-1తో కప్పు మనది! బీజీఎంఐలో గెలిస్తే వచ్చే ఏ ‘చికెన్ డిన్నరూ’ నాకు అంత ఆనందం ఇవ్వలేదు.

బాధలోనూ తేడా ఉంది. 2020లో పబ్‌జీ మొబైల్‌ను బ్యాన్ చేస్తే, మరుసటి ఏడాది దాని బదులు బీజీఎంఐ వచ్చింది. 2022లో దాన్నీ స్టోర్లలోంచి తీసేశారు, 2023లో మళ్లీ తెచ్చారు. గేమ్ పోయినా స్క్వాడ్ ఉంటుంది, అందరం కలిసి ఇంకో గేమ్‌కి మారతాం. క్లబ్ అలా కాదు. 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయింది. 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం అందించిన కోచ్ రహీమ్ సాబ్ ఊరికి ఐఎస్‌ఎల్ టీమ్ లేకపోవడం నాకైతే అస్సలు మింగుడుపడదు.

కాలక్షేపానికైతే గేమే నయం. ప్రాణం పెట్టడానికి మాత్రం నా ఓటు టీమ్‌కే.