విశాఖలో క్యాబ్ యాప్‌లు: ఎక్కాక భరోసా, ఎక్కేదాకా బెంగ

మూడేళ్లుగా విశాఖలో ఆటో, క్యాబ్, బైక్ ట్యాక్సీ మూడూ యాప్‌లోనే బుక్ చేస్తున్నాక తేలిందిది: బండెక్కాక ప్రయాణం మీద నమ్మకం పెరిగింది, బండి వస్తుందన్న నమ్మకమే కుదరలేదు. మద్దిలపాలెంలో సర్వీసు ఆటోది సరిగ్గా తిరగేసిన లెక్క. చెయ్యెత్తితే ఆగుతుంది, డ్రైవరు పక్కన ఎందరిని ఇరికిస్తాడో మాత్రం చెప్పలేం.

బుకింగు ఎక్కువగా చెడేది పిన్ దగ్గరే, అంటే మ్యాప్‌లో మీరెక్కే చోటు చూపే గుర్తు దగ్గర. రైల్వే స్టేషన్ అని కొడితే ఒక్కోసారి జ్ఞానాపురం వైపు పడుతుంది. మీరు ఒకటో నంబరు ప్లాట్‌ఫాం బయట, ఆటో ఎనిమిదో నంబరు అవతల, మధ్యలో పట్టాలు. చుట్టూ తిరిగి రావడం గిట్టక, డ్రైవరు క్యాన్సిల్ మీరే చెయ్యమంటాడు. ఎన్ఏడీ కూడలిలో ఫ్లైఓవర్ కింద నిలబడితే జీపీఎస్‌కి పైనా కిందా తేడా తెలీదు. ఎండాడ, హనుమంతవాకల్లో హైవేకి ఏ పక్కనున్నారో మ్యాప్ జూమ్ చేసి పిన్ చేత్తో జరపండి. సింహాచలమైతే కొండ కిందా పైనా అన్నది బుకింగులోనే తేల్చాలి, లేకపోతే ఘాట్ రోడ్డు టోల్ ఎవరిదని పేచీ.

ఇక బుక్ చేశాక డ్రైవరు చేసే ఆ ఫోను: "ఎక్కడికండీ? క్యాషా, ఆన్‌లైనా?" తిట్టుకుని లాభం లేదు, రాత్రిపూట భీమిలిలో దింపితే తిరుగు బేరం దొరకదు మరి. 2025లో కొన్ని కంపెనీలు ఆటోలకు కమిషన్ తీసేసి డ్రైవరు కట్టే చందా పెట్టాయి, డబ్బు నేరుగా డ్రైవరుకే. అలాంటిచోట తెర మీద రేటు అంచనాగా మిగిలింది. బండి కదలకముందే ఎంతో అడిగేయండి. యాప్ వచ్చి బేరం పోయిందనుకున్నాం!

ఎక్కేటప్పుడు ప్లేటు మొత్తం చూడండి. 2019లో జిల్లా కోడ్‌లు పోయాయి, ఏపీ 31 అంటే మన ఊరి బండి అని పోల్చుకునే వీలు కొత్త బండ్లకి లేదు. పసుపు మీద నల్ల అక్షరాలుండాలి. ఎలక్ట్రిక్‌దైతే ఆకుపచ్చ మీద పసుపు. తెల్ల ప్లేటు సొంత వాడకానిది, ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కు. బైక్ ట్యాక్సీల్లో తెల్లవే ఎక్కువ కనిపిస్తాయి, నా మార్కులు వాటికే తక్కువ. రెండో హెల్మెట్ లేకుండా వస్తే ఎక్కకండి.

ఓటీపీ ఫోన్లో చెప్పొద్దు, మీరు ఎక్కకుండానే ట్రిప్ మొదలైపోతుంది. "క్యాన్సిల్ కొట్టేయండి, అదే డబ్బుకి దింపుతా" అన్నా ఒప్పుకోవద్దు. కొట్టిన క్షణం నుంచి, బండి ఎక్కడుందో చూసుకోమని ఇంట్లోవాళ్లకి పంపిన లింకులో బండి కదలదు.