లైసెన్సు తుపాకీ: ఇంటి లాకరా, డీలరు దగ్గర డిపాజిట్టా?

ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పగించిన తుపాకీ మళ్లీ ఇంటికొచ్చాక విశాఖలో చాలామంది అడిగేది ఇదే. ముఖ్యంగా నేవీలో చేసి రిటైరైనవాళ్లు. ఇంట్లో పిల్లలున్నారు, మంచి లాకర్ కొంటే చాలదా, లైసెన్సున్న ఆయుధాల డీలరుకి దాచమని అప్పజెప్పాలా అని.

పిల్లలంటే బడికెళ్లేవాళ్లే అనుకోకండి. 1959 ఆయుధాల చట్టం 9వ సెక్షన్ ప్రకారం 21 ఏళ్లు నిండనివాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదు. షూటింగ్ శిక్షణకు మాత్రం షరతులతో మినహాయింపుంది. ఇంజనీరింగ్ చదివే మీవాడు ఓటెయ్యొచ్చు, కారు నడపొచ్చు, మీ తుపాకీ ముట్టకూడదు. 2016 ఆయుధాల నియమాలొచ్చాక ఆయుధాన్ని భద్రంగా దాస్తామని లైసెన్సు కోసం మనమే రాసిస్తున్నాం. నియమం తప్పితే 30వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలో, 2 వేల వరకు జరిమానో, రెండూనో. అదే మన నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని రుజువైతే భారతీయ న్యాయ సంహిత 106 కింద ఐదేళ్ల దాకా పడొచ్చు.

నా లెక్కలో దీన్ని తేల్చేది తాళంచెవి. మర్రిపాలెంలో ఒకాయన తన స్టీలు లాకర్ చూపించారు. గోడకి బోల్టులు, మందపాటి తలుపు, వంక పెట్టడానికేం లేదు. తాళంచెవి ఏదండీ అన్నాను. ఆయన లేచేలోగా ఏడేళ్ల మనవరాలు దేవుడి గూట్లో కుంకుమ భరిణె వెనక నుంచి తీసి చేతిలో పెట్టింది. మన ఇళ్లల్లో బీరువా తాళం జాడ తెలియనిది దొంగకొక్కడికే. నంబరు లాకరైతే నయం కదా అంటారు. ఆ నంబరు మనవరాలి పుట్టినరోజు కాకపోతే నయమే.

అందుకే నేను డిపాజిట్ వైపే మొగ్గుతాను. ఇబ్బందులు లేవని కాదు. అద్దె కట్టాలి, అర్ధరాత్రి అవసరమొస్తే దొరకదు. ఊరవతల తోట ఉన్నవాళ్లకీ, రోజూ నగదు మోసుకెళ్లే వ్యాపారులకీ ఇంట్లో ఉంచుకోక తప్పదు. అలాంటివాళ్లు తూటాలు వేరే తాళంలో పెట్టాలి, తాళంచెవులు మొలతాడుకి కట్టుకున్నా తప్పులేదు. ఏళ్ల తరబడి బయటికి తీయని తుపాకీకి మాత్రం ఇంట్లో ఏం పని?

బ్యాంకు లాకర్ సంగతి మర్చిపోండి, అందులో ఆయుధాలు పెట్టనివ్వరు. లైసెన్సు లేని బావమరిది ఇంట్లో దాచడం ఇంకో నేరం. స్టేషన్లో కూడా అప్పగించొచ్చు, కానీ ఈ ఉప్పుగాలికి దానికి నూనె రాసేదెవరు?

డీలరుకి ఇచ్చేటప్పుడు తుపాకీ నంబరుతో పాటు తూటాలూ లెక్కపెట్టించి రసీదులో రాయించుకోండి. తుపాకీ ఇచ్చేసి, తూటాల డబ్బా డ్రాయర్లో మర్చిపోయేవాళ్లున్నారు. డిపాజిట్ చేశాం కదా అని లైసెన్సు గడువు ఆగదు, రెన్యువల్ మామూలే.