బరువు తగ్గిస్తామని ముందే డబ్బు కట్టించుకునే ‘డైట్ కోచ్’లతో జాగ్రత్త

రెండు పూటలా పొడి కలిపిన పానీయం, మూడో పూట ఉడికించిన కూరగాయలు, రోజూ ఉదయం తూకం ఫొటో. ఇలా చేస్తే చకచకా బరువు తగ్గిస్తామనే ‘డైట్ కోచ్’ల ప్రకటన మీ ఫోనులోకీ వచ్చే ఉంటుంది. అది నమ్మి నేనూ చేరాను. మొత్తం సొమ్ము ముందే కట్టించుకున్నాకే నన్ను తమ ఫోను గ్రూపులో చేర్చుకున్నారు.

మొదటి వారం బరువు చకచకా తగ్గిన మాట నిజమే, కాదనను. అయితే తగ్గినదంతా కొవ్వు కాదు. మన కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో సుమారు అర కిలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రామునూ దాదాపు 3 గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. తిండి బాగా తగ్గించగానే ముందుగా ఖర్చయ్యేది ఆ నిల్వే, దానితోపాటు నీరూ పోతుంది, మామూలుగా తినడం మొదలుపెట్టగానే రెండూ తిరిగి చేరతాయి. ప్రచారానికి మొదటి వారం ఫొటోలే ఎందుకు అడుగుతారో ఇప్పుడు అర్థమైంది.

ఆ తరువాత కూర్చున్నచోటి నుంచి లేస్తే కళ్లు తిరగడం, కొన్నాళ్లకు దువ్వెన నిండా జుట్టు. ఈ విషయం గ్రూపులో మర్యాదగానే అడిగాను. “మేడమ్, అవి మీ ఒంట్లోని విషాలు బయటికి పోతున్న లక్షణాలు. చాటుగా తినేసి మమ్మల్ని నిందిస్తే ఎలా?” అని అందరి ముందూ సమాధానమిచ్చి, పక్కన నవ్వే బొమ్మ ఒకటి తగిలించారు. దానికి కొందరు చప్పట్లు కూడా కొట్టారు. నేను జవాబు టైపు చేస్తుండగానే గ్రూపులో నుంచి తొలగించారు. డబ్బు పోయినందుకంటే ఆ నవ్వే బొమ్మకే నాకింకా ఒళ్లు మండుతోంది. విషాలు జుట్టు కుదుళ్లలో కాపురముంటాయన్న విజ్ఞానం మాత్రం ఉచితంగానే అందింది, సంతోషం.

వైద్యురాలు నిమిషంలో తేల్చారు. నేను వాడే రక్తపోటు మాత్రల మోతాదు, ఆ అరకొర తిండి మీద ఎక్కువై, లేచినప్పుడల్లా బీపీ పడిపోతోంది. హఠాత్తుగా ఆహారం తగ్గిస్తే రెండు మూడు నెలలకు జుట్టు రాలడం మామూలేననీ, సరిగ్గా తింటే సాధారణంగా తిరిగి వస్తుందనీ చెప్పారు. వారానికి కిలోన్నరకు మించి తగ్గేవారికి పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుందని స్కానింగ్ కూడా రాశారు.

కఠిన ఆహార నియమాలన్నీ మోసమని నేను అనడం లేదు. 2017లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ అధ్యయనం ‘డైరెక్ట్’లో రోజుకు సుమారు 850 కేలరీలతో కొన్ని నెలలు గడిపిన టైప్ 2 మధుమేహ రోగుల్లో 46 శాతం మందికి ఏడాది నాటికి మందుల అవసరం లేకుండానే వ్యాధి అదుపులోకి వచ్చింది. కానీ అక్కడ మొదటి రోజే మధుమేహం, రక్తపోటు మందులను ఆపి, రోగులను క్రమం తప్పకుండా పరీక్షిస్తూ, మామూలు ఆహారాన్ని మెల్లమెల్లగా తిరిగి అలవాటు చేశారు. ఇక్కడ నేనేం మందులు వాడతానో ఒక్కరూ అడగలేదు. కార్డు నంబరు మాత్రం మళ్లీ మళ్లీ అడిగారు. అడగకపోయినా నేనే చెప్పి ఉండవలసింది, సరే.

ఇంతా చెప్పాక సలహా అంటే, రోజుకు 800 కేలరీలకు తగ్గించమనేవారెవరైనా సరే, పర్యవేక్షించే వైద్యులెవరో అడగకుండా డబ్బు కట్టకండి. ఇన్సులిన్ వాడేవారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కనుక అసలే వద్దు. ఇప్పటికే కట్టినవారు రసీదులు, సంభాషణల స్క్రీన్‌షాట్లు ఈరోజే దాచుకోండి. కార్డు చెల్లింపుపై నేను బ్యాంకులో ఫిర్యాదు చేస్తే వాళ్లు మొట్టమొదట అడిగినవి అవే.