హోమ్స్ చిన్న కథలు: దొంగెవరో తెలిశాక కూడా చదివించేవి ఏవి?

షెర్లాక్ హోమ్స్‌తో ఆర్థర్ కానన్ డాయిల్ రాసినవి 4 నవలలు, 56 చిన్న కథలు. నవలల్లో రెండింట్లో దాదాపు సగం పుస్తకం హోమ్స్ కనిపించని పాత కథే. ఏళ్ల తరబడి తిరగేసినా కొత్తగా పనిచేసేవి కథలే, అదీ అన్నీ కాదు. కింద కొన్ని గుట్లు విప్పక తప్పలేదు, మొదటిసారి చదవబోయేవాళ్లు ఇక్కడే ఆగడం మంచిది.

మంచి హోమ్స్ కథ ఎనిమిది తొమ్మిది వేల మాటలుంటుంది. ముప్పావుగంటలో అయిపోతుంది. అందులో ఒక్క ఎత్తుకే చోటు. 1891 ఆగస్టులో స్ట్రాండ్ పత్రికలో వచ్చిన ‘రెడ్-హెడెడ్ లీగ్’ చూడండి. తాకట్టు కొట్టు నడిపే విల్సన్‌కి ఎర్రజుట్టు ఉన్నందుకే ఉద్యోగం దొరుకుతుంది. రోజూ పదింటి నుంచి రెండింటిదాకా కూర్చుని ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా ఎత్తిరాయాలి. వారానికి 4 పౌన్లు. ఆ నాలుగు గంటలూ గడప దాటకూడదు. చదివేవాళ్లం జుట్టు గురించీ జీతం గురించీ బుర్ర బద్దలుకొట్టుకుంటాం. అసలు కీలకం ఆఖరి షరతు: ఆ వేళకి విల్సన్ తన కొట్లో ఉండకూడదు, అంతే. గుమాస్తా సగం జీతానికే చేరాడన్న సంగతి విల్సనే మురిసిపోతూ చెబుతాడు. ఫోటోలు కడగడానికని మాటిమాటికీ నేలమాళిగలోకి దూరతాడనీ ఆయనే సణుగుతాడు. క్లూలు దాచలేదు, వాటిని మెప్పులోనూ సణుగుడులోనూ కలిపేశాడు. ఆ తర్వాత హోమ్స్ కొట్టు ముందు నేలను కర్రతో తట్టి, తలుపు కొట్టి, గుమాస్తాని ఏదో దారి అడుగుతాడు. చూసింది వాడి మొహం కాదు, ప్యాంటు మోకాళ్లు.

సరిగ్గా అక్కడ పుస్తకం మూయండి. అప్పటిదాకా వింతగా అనిపించిన సంగతులు ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కోదానికీ ‘దీనివల్ల ఎవరికి లాభం’ అని వేసుకోండి. ఈ కథలో లెక్క తేలుతుంది. తేలని కథలు పాఠకుణ్ణి మోసం చేసినవే.

రెండోసారి చదివితే బొక్కలు కూడా కనిపిస్తాయి. ఉద్యోగ ప్రకటన వచ్చిన పేపరు తేదీ 1890 ఏప్రిల్ 27, లీగ్ రద్దయిందన్న నోటీసు అక్టోబర్ 9. విల్సన్ పనిచేసింది మాత్రం ఎనిమిది వారాలేనట! పత్రికకి నెలనెలా రాసిన కథలు కదా, ఇలాంటివి దొర్లాయి. ఎత్తు గట్టిగా ఉంది కాబట్టి కథ నిలబడింది.

‘సిల్వర్ బ్లేజ్’ (1892) అనగానే అందరూ పందెపు గుర్రం మాయమైన రాత్రి మొరగని కుక్క గురించే మాట్లాడతారు. దానికంటే గట్టిది మటన్ కూర. గుర్రాల శాల కాపలా కుర్రాడికి అందులోనే మత్తు పెడతారు. నల్లమందు పొడికి రుచి ఉంటుంది, చప్పిడి తిండిలో కలిపితే మొదటి ముద్దకే దొరికిపోతుంది. మసాలా కూరలో అయితే కలిసిపోతుంది. మరి సరిగ్గా ఆ రాత్రే కూర వండించడం బయటివాడి తరమా? అనుమానం అక్కడితో ఇంట్లోవాళ్ల మీదికి తిరుగుతుంది. మసాలా ఘాటు తెలిసిన మనం ఇంగ్లిష్ పాఠకులకంటే ముందే పట్టాల్సిన క్లూ ఇది.

‘స్పెకిల్డ్ బ్యాండ్’ భయపెట్టడంలో మొదటి వరుసలోనే ఉంటుంది. నేలకి బిగించిన మంచం, ఏ గంటకీ కట్టని గంట తాడు, పక్క గదిలోకి తెరిచిన వెంటిలేటర్ ఒక్కొక్కటే బయటపడే తీరు అద్భుతం. తీరా పాముకి పాలు పోసి పెంచి, ఈలతో వెనక్కి పిలవడం దగ్గర బేరం చెడింది. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనకి ఇది సహజంగానే అనిపించొచ్చు గానీ, పాలు పాము ఆహారం కాదు.

తేలిపోయినవాటిలో ఎక్కువ భాగం 1927 నాటి చివరి సంకలనంలో ఉన్నాయి. ‘బ్లాంచ్డ్ సోల్జర్’, ‘లయన్స్ మేన్’ హోమ్సే స్వయంగా చెబుతాడు. చెప్పేవాడు హోమ్స్ స్నేహితుడు వాట్సన్ అయితే, చూసి కూడా అర్థం చేసుకోలేకపోయాడు కాబట్టి క్లూ పేజీ మీద ఉండి కూడా దాగుతుంది. మన తెలుగు డిటెక్టివ్ నవలల్లో యుగంధర్ పక్కన అసిస్టెంట్ రాజు ఉండటం వల్లా ఇదే లాభం. హోమ్సే చెబితే తనకి తట్టింది తనే దాచాలి, ఆ దాపరికం ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘మజారిన్ స్టోన్’ నాటకం నుంచి మలిచింది. కథంతా దాదాపు ఒకే గదిలో నడవడంతో ఆ సంగతి తెలిసిపోతూ ఉంటుంది.

వరసగా మూడు కథలు దాటొద్దు. కక్షిదారు రావడం, చొక్కా చేతులు చూసి హోమ్స్ వాళ్ల వృత్తి చెప్పడం, రైలెక్కడం అన్న వరస మొహం మొత్తేస్తుంది. సంక్షిప్త అనువాదాలు అసలొద్దు. కుదించేవాళ్లు ముందుగా తీసేసేది ‘అనవసరమైన’ చిన్న వివరాలనే, క్లూలుండేది వాటిలోనే. ఇంగ్లిష్ మూలం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి సంకలనం ‘అడ్వెంచర్స్’లోని 12 కథలతో మొదలుపెట్టి, రెండోదైన ‘మెమాయిర్స్’కి వెళ్లండి. చివరి సంకలనం ఎవరైనా అరువిస్తే చాలు, కొనక్కర్లేదు.