సింగపూర్‌కు అమ్మానాన్నలను తీసుకెళ్తున్నారా? ‘నో మీట్’ అన్న మాట నమ్మకండి

నిన్న రాత్రే నల్లగొండ చేరాం. రాగానే అమ్మ తలస్నానం చేసింది, ఇప్పటిదాకా పాలు తప్ప ఏమీ ముట్టలేదు. యాదగిరిగుట్టకు పోయి నరసింహస్వామికి చెప్పుకుంటేగానీ అన్నం తినదట. ఆ కోపంలోనే రాస్తున్నా, అక్కడక్కడా తప్పులుంటే ఏమనుకోకండి.

తమ్ముడు ఆరు నెలల కింద సింగపూర్‌లో ఉద్యోగంలో చేరాడు. వాడి దగ్గర పది రోజులు ఉందామని అమ్మను తీసుకుని వెళ్లాను. మొదటి నాలుగు రోజులు మనవాళ్ల హోటళ్లుండే లిటిల్ ఇండియాలోనే తిన్నాం, ఏ టెన్షన్ లేదు. ఐదో రోజు వాడి ఇంటి దగ్గరి మాల్‌లో ఫుడ్ కోర్టుకు వెళ్లాం. వెళ్లొచ్చినవాళ్లకు తెలుసు కదా, చైనీస్, మలయ్, మన ఇండియన్, అన్నీ ఒకే కప్పు కింద వరసగా కౌంటర్లు.

ఒక కౌంటర్ మీది ఫోటో చూసి అమ్మ ఆగిపోయింది. "ఇది తూటికూర కదరా! మన చెరువుల పెరుగుతది" అంది. తూటికూరే. అక్కడ కంగ్‌కోంగ్ అంటారు. ఊరు విడిచాక అమ్మ ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు. ఆర్డర్ చేసే ముందు మూడుసార్లు అడిగాను. వెజిటేరియనేనా? "యెస్, వెజిటబుల్." చికెన్, చేప ఏమీ లేవు కదా? "నో మీట్, నో మీట్." 8 డాలర్లు, అంటే మన 500 రూపాయల పైనే, కట్టేసి తెచ్చుకున్నాం.

రెండు ముద్దలు తిని అమ్మ ఆగింది. "నీసు వాసన వస్తుందిరా" అంది. నేనేమన్నానో తెలుసా? "అది వాళ్ల మసాలా వాసనమ్మా, తిను" అన్నాను. నా మాట మీద ఇంకో రెండు ముద్దలు తింది. నాన్నకు ఆపరేషన్ అయినప్పుడు నరసింహస్వామికి మొక్కుకుని నీసు మానేసిన మనిషి, 11 ఏళ్లు అయింది. ఆ మొక్కు నా మాటతో పోయింది. ఈ ఒక్కటి నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఐదో ముద్దకు చెంచాతో కాడ పక్కకు జరిపింది. కింద వేలిగోరంత ఎండు రొయ్య, వంకర తిరిగి, రెండు నల్లటి కళ్లతో. అమ్మ చెంచా కింద పెట్టేసింది. ఒక్క మాట అనలేదు.

ప్లేటు పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లాను. అతను చూసి నవ్వాడు. "కొంచెమే కదా, రుచికి. తీసేసి తినండి" అన్నాడు. మూడుసార్లు అడిగాను కదా అంటే, "బెలచాన్ వద్దని మీరు చెప్పలేదు" అని ప్లేటును చేత్తో నా వైపు నెట్టి, నా వెనకున్న మనిషిని పిలిచాడు. అమ్మకు ఇంగ్లిష్ రాదు. ఆ నవ్వు మాత్రం అర్థమైంది. నేను ఇంకా గొడవపడుతుంటే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. తిన్న ట్రే మనమే తీసి స్టాండులో పెట్టాలన్నది అక్కడి రూలు, దాన్ని కూడా తనే తీసుకెళ్లి పెట్టి వచ్చింది.

బెలచాన్ అంటే రొయ్యలను ఉప్పేసి పులియబెట్టి చేసిన ముద్ద. ఆ రాత్రి తమ్ముడి పక్కింటి మలయ్ ఆవిడ ఓపికగా చెప్పింది, పాపం ఆమే బాధపడింది. అక్కడ ఆకుకూర వేపుళ్లలో అది మామూలేనట. లక్సా అనే నూడుల్స్ పులుసులో ఎండు రొయ్యలు, నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నంతో ఇచ్చే కారంలో చాలాసార్లు చిన్న ఎండు చేపలు. హలాల్ బోర్డు ఉంటే అది శాకాహారం అని కాదు. మన ప్యాకెట్ల మీద ఉండే పచ్చ చుక్క పెట్టాలన్న నిబంధన అక్కడ లేదు.

కాబట్టి మన నల్లగొండ, పాలమూరు నుంచి పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ‘వెజ్’ అని ఊరుకోకండి. రొయ్య, చేప, బెలచాన్, గుడ్డు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి. లిటిల్ ఇండియాలోని సెరంగూన్ రోడ్డు వైపు వెళ్తే 1947 నుంచి ఉన్న కోమల విలాస్ లాంటి పూర్తి శాకాహార హోటళ్లు ఉన్నాయి. చైనా బౌద్ధుల శాకాహార కౌంటర్లు కూడా ఉంటాయి, సాధారణంగా ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. అక్కడ కోడి ముక్కలా కనిపించేది సోయాతోనో గోధుమతోనో చేసింది, అమ్మవాళ్లు భయపడకుండా ముందే చెప్పి పెట్టండి.

శనివారం పొద్దున్నే గుట్టకు బయల్దేరుతున్నాం.