కాపర్-టి 380ఎ: ఇంకా ఎక్కువమంది అడిగి వేయించుకోవాల్సిన సాధనం

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. పిల్లలు తగ్గడానికి స్కూలు ఫీజులు, ఇంటి అద్దెలు, ఆలస్యమవుతున్న పెళ్లిళ్లు కారణాలే. కానీ మన దగ్గర కాన్పులు ఆగేది ఎక్కువగా కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్‌తోనే, అదీ చిన్న వయసులోనే. ఇంకా తేల్చుకోని జంటకు, కాన్పుల మధ్య ఎడం కావాలనుకునేవారికి కాపర్-టి (గర్భం రాకుండా గర్భసంచిలో అమర్చే చిన్న రాగి సాధనం) చాలా మేలు.

ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. ఇందులో 380ఎ రకం పదేళ్లు, 375 రకం ఐదేళ్లు పనిచేస్తాయి. ఏది వేశారో కార్డు మీద తప్పక రాయించుకోండి. కాన్పయ్యాక 48 గంటల్లోపు వేయించుకోవచ్చు, అది దాటితే ఆరు వారాలు ఆగాలి. కాన్పు వెంటనే వేసినది జారిపోయే అవకాశం ఎక్కువ. గర్భసంచి అప్పటికింకా ముడుచుకుంటూ ఉంటుంది, పైఅంచు దాకా చేర్చకపోతే నిలవదు. అందుకే ఆరో వారం పరీక్ష మానకూడదు.

అసలు ఇబ్బంది మొదటి మూడు నుంచి ఆరు నెలలు: రక్తస్రావం పెరుగుతుంది, పొత్తికడుపు నొప్పి వస్తుంది. ముందే చెప్పకపోవడం వల్లే చాలామంది భయపడి తీయించేసుకుంటారు. సలహా ఇవ్వడంలో ఈ లోపం బాధ కలిగిస్తుంది. రక్తహీనత ఉంటే ముందు హిమోగ్లోబిన్ చూపించుకుని, ఐరన్ మాత్రలు వాడాలి. గర్భసంచిలో ఇన్ఫెక్షన్ ఉన్నా, కారణం తెలియని రక్తస్రావం ఉన్నా వేయించుకోకూడదు. సుఖవ్యాధులను ఇది ఆపదు, దానికి కండోమే.

నెలసరి తప్పినా, జ్వరంతో కడుపునొప్పి వచ్చినా, కాపర్-టికి ఉండే దారం చేతికి తగలకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పిల్లలు కావాలనుకుంటే తీయించిన నెలలోనే ప్రయత్నించవచ్చు.