మెకానిక్ పని తెలియనివారికి పాత స్ప్లెండర్: ఏళ్లుగా వాడుతూ చెబుతున్న మాట

నాకు స్పానర్ పట్టడం రాదు. అయినా 2014 మోడల్ స్ప్లెండర్ ప్లస్ సెకండ్ హ్యాండ్‌లో కొని, గుంటూరు నుంచి మంగళగిరికి ఏళ్ల తరబడి దాని మీదే ఉద్యోగానికి వెళ్తున్నాను. బండి పని రానివారు మొదట చూసుకోవలసింది, ఆ పని వచ్చినవారు ఊరూరా ఉన్నారా అన్నదే. స్ప్లెండర్ 1994 నుంచి రోడ్ల మీద ఉంది. 97.2 సీసీ ఇంజిన్, నాలుగు గేర్లు, గాలికే చల్లబడే ఏర్పాటు. చిన్న ఊరి మెకానిక్‌కు కూడా అది కొట్టిన పిండి. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్ 6 కాలుష్య నిబంధనల కోసం ఈ బండికీ ఫ్యూయల్ ఇంజెక్షన్, అంటే సెన్సర్ల లెక్కతో పెట్రోలు చిమ్మే ఏర్పాటు, పెట్టారు. అది మంచిదే కానీ, సెన్సర్ల లోపం పట్టుకోవాలంటే చాలాసార్లు దాన్ని చదివే స్కానర్ యంత్రం కావాలి. అందుకే నేను అవేవీ లేని పాత పద్ధతి కార్బ్యురేటర్ బండినే ఎంచుకున్నాను.

బండి చూడటానికి వెళ్లే ముందు అమ్మేవారికి ఫోనులోనే చెప్పాలి: మేం వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని. వెళ్లగానే ఇంజిన్ రెక్కల మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే బండిని అప్పటికే నడిపారన్నమాట, కారణం అడగండి. చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందన్నదే అసలు సంగతి. పొద్దున్నే కాస్త తెల్లటి ఆవిరి వచ్చి ఆగిపోతే భయం లేదు. నీలి పొగ ఆగకుండా వస్తుంటే లోపల ఆయిల్ కాలుతోంది. ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం పైకి లేచేలా వెనక ఒకరిని అదిమి పట్టుకోమనండి. హ్యాండిల్‌ను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పితే, సరిగ్గా మధ్యలో చిన్న గాడిలో పడినట్టు ఆగుతుందా? అయితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు, అరిగింది. పెద్ద ఖర్చు కాదు, బేరానికి పనికొస్తుంది. మీటరు అంకెను మాత్రం నేను నమ్మను. కేబుల్ ఊడదీస్తే అది తిరగదు. గేర్ లివర్ రబ్బరు, ఫుట్‌రెస్టు రబ్బర్లు నున్నగా అరిగిపోయి మీటరు పాతిక వేలే చూపిస్తే లెక్క కుదరదు.

ఇవన్నీ చూశాక కూడా, అమ్మేవారికి పరిచయం లేని మెకానిక్‌కు డబ్బిచ్చి వెంట తీసుకెళ్లండి. నేను పెట్టిన ఖర్చులన్నిటిలో బాగా పనికొచ్చింది అదే.

కాగితాలకు మెకానిక్ అక్కర్లేదు, ఓపిక చాలు. ఫ్రేము మీది ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో కలవాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ సంస్థ పేరు ఉంటే అప్పు తీరినట్టు ఆ సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ పత్రం, ఆర్‌సీలో దాని పేరు తీయించే ఫారం 35 అందే వరకు డబ్బు ఇవ్వవద్దు. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు అక్కడే చేయించుకోండి. పాత చలాన్లు ఆన్‌లైన్‌లో చూడండి. రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఎన్నేళ్లు మిగిలాయో బట్టే ధర మాట్లాడాలి.

వాడకంలో నాకు చైన్ స్ప్రాకెట్, క్లచ్ ప్లేట్లు, టైర్లు మార్చవలసి వచ్చింది. వయసుకు తగ్గ అరుగుదలే తప్ప ఇంజిన్ విప్పే అవసరం రాలేదు. ఆయిల్ మాత్రం ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. మైలేజీ లీటరుకు 60 దగ్గర నిలబడుతోంది. ఇద్దరు కూర్చుని జాతీయ రహదారి మీద లారీలను దాటుతూ రోజూ దూరం వెళ్లేవారికి వంద సీసీ చాలదు. వారు 125 సీసీ చూసుకోవాలి. చల్లటి ఇంజిన్ పరీక్ష దానికీ ఇదే.